లచ్చన్న బల్బు పరీక్ష

ఈ ఉదయం ఒక క్యాంపింగ్ ట్రెయిలర్ మా షెడ్డులోకి వస్తూనే కాలిన బ్రేకు లైనింగు వాసన మోసుకొచ్చింది. ఇక్కడివాళ్ళు వీటిని వేసవంతా ఎండలో పడేసి, చలి మొదలవగానే దుమ్ము దులిపి ఎడారికి లాక్కుపోతారు. అప్పటికి లైట్లు వెలగవు, బ్యాటరీ చచ్చి ఉంటుంది, బ్రేకులు పట్టేసి ఉంటాయి. తిట్లు మాత్రం మాకు! దోహాకు దగ్గర్లోని అల్ షహానియాలో ఒంటెల ఫారాల పక్కనున్న ఈ షెడ్డులో నాకు పని నేర్పినవాడు లచ్చన్న. మా ఫోర్‌మన్, జగిత్యాల వైపు మనిషి. ఆయన పోయి ఏడాది దాటింది. ఈ వాసన ముక్కుకు తగిలిందంటే ఆ రోజంతా నా బుర్రలో కూర్చుంటాడు. ఊరికే కూర్చుంటాడా, నస పెడతాడు.

నేను తణుకులో కార్ల వైరింగు పని చేసి వచ్చినవాణ్ణి. వచ్చిన కొత్తలో ఒక ట్రెయిలర్ నా ప్రాణం తోడేసింది. బ్రేకు తొక్కితే ఇండికేటర్లు మినుకుమినుకుమంటాయి, ఇండికేటర్ వేస్తే వెనక దీపాలన్నీ వెలవెలబోతాయి. బల్బులన్నీ ఊడదీసి కూర్చున్నాను. లచ్చన్న వచ్చి నా నెత్తిమీద నిలబడ్డాడు.

"ఏం జేస్తున్నవ్ రా?"

"బల్బులు మారుస్తున్నానండి, లచ్చన్న గారూ."

"గారు గీరు దోహల సార్లకు వెట్టుకో. బల్బు ఏం పాపం జేసింది? ముందుగాల ఎర్తు జూడు!"

ఇనప చట్రానికి బిగించిన తెల్లటి ఎర్తు తీగ దగ్గర బోల్టంతా తుప్పు. గీకి మళ్ళీ బిగించేసరికి దీపాలన్నీ బుద్ధిగా వెలిగాయి. భుజం తడతాడేమో అనుకున్నాను. నూనె గుడ్డ నా మొహాన కొట్టి వెళ్ళిపోయాడు. చాలా రోజులు ఆయనంటే నాకు ఒళ్ళు మంట. నిజం చెప్పాలంటే, పని వచ్చేసిందని తెలిసిన రోజున గానీ ఆ మంట చల్లారలేదు.

ఆయన ఎవరి కోసమూ వదలని పద్ధతి ఒకటుండేది. ట్రెయిలర్‌కు ముందువైపు చిన్న బ్యాటరీ ఒకటుంటుంది. దారిలో బండి నుంచి ట్రెయిలర్ ఊడిపోతే, బండికి కట్టిన తీగ ఒక పిన్నును లాగేస్తుంది. అప్పుడు ఆ బ్యాటరీ కరెంటుతో ట్రెయిలర్ బ్రేకులు వాటంతటవే పట్టుకుంటాయి. మిగతా మెకానిక్కులు మీటరు పెట్టి చూసి సరే అంటారు. లచ్చన్న మాత్రం ఒక హెడ్‌లైట్ బల్బును ఆ బ్యాటరీకి తగిలించి, పాలు లేని సులైమానీ చాయ్ తెప్పించుకుని ఎదురుగా కూర్చునేవాడు. గ్లాసు ఖాళీ అయ్యేదాకా బల్బు మసకబారకుండా వెలిగితేనే ట్రెయిలర్ గేటు దాటేది. డ్రైవర్లు "యల్లా, యల్లా" అని తొందరపెడుతూ గోల పెట్టేవాళ్ళు. ఆయన ఇంకాస్త నెమ్మదిగా ఊదుకుని తాగేవాడు.

"మీటరు బాగానే చూపిస్తోంది కదన్నా?" అని ఒకసారి అడిగాను.

"మీటరుకేంది రా, నిండుగుందనే జెప్తది. పని జెప్పి సూడు, అప్పుడు తెలుస్తది."

ఆయన బామ్మర్ది నర్సయ్య దగ్గర్లోని ఒంటెల ఫారంలో డ్రైవరు. లచ్చన్న భార్య రాజవ్వకు ఒక్కగానొక్క తమ్ముడు. తల్లి పోయాక ఆమే వాణ్ణి చంకనేసుకుని పెంచిందట. వీసా తీసి ఇక్కడికి తెచ్చింది లచ్చన్నే. నర్సయ్య ఉన్నచోట నవ్వు ఉండేది. మా ఫోర్‌మన్ మొహం మీద కూడా వాడొస్తేనే కాస్త నవ్వు కనబడేది.

ఓ రోజు నర్సయ్య ఖాళీ ట్రెయిలర్ తీసుకుని పరుగున వచ్చాడు. బ్రేకుల బ్యాటరీ చచ్చిపోయింది. ఫారం యజమానిని వాడు అర్బాబ్ అనేవాడు.

"బావా, అర్బాబ్ ఒకటే ఫోన్లు. ఒంటెలను డాక్టరు తాన్కి తోల్కపోవాలె. ఇయ్యాల ఆలిశమైతే నన్ను ఇంటికి తోలుతడు."

"ఇది ముసలి బ్యాటరీ నర్సిగా. కొత్తది రేపొస్తది. రేపు రా."

"రేపటిదాంక నా నౌకరి ఉంటదా? అక్కకు ఫోన్ జేస్త సూడు, మీ ఆయన నన్ను పనిలకెళ్లి తీయించిండని!" వాడు నవ్వుతూనే అన్నాడు గానీ కళ్ళల్లో భయం తెలుస్తూనే ఉంది.

లచ్చన్న ఆ పాత బ్యాటరీకే కాసేపు ఛార్జి పెట్టాడు. మీటరు నిండుగా చూపించింది. పిన్ను లాగి బండి కదిలించమన్నాడు. చక్రాలు పట్టుకుని ఇసుకను దున్నాయి. నేను అలవాటుగా బల్బు తెచ్చి అందించాను. ఆయన దానివంక చూశాడు, ఫోను చెవిన పెట్టుకుని అర్బాబ్‌కు "హాజిర్, హాజిర్" అంటున్న నర్సయ్య వంక చూశాడు.

"వద్దు తియ్. పోనీ పోరన్ని," అన్నాడు. "మెల్లగ పో నర్సిగా."

జరిగింది మాకు వెనక లారీ నడుపుతున్న పఠాన్ చెప్పాడు. వంతెన ఎక్కుతుండగా ట్రెయిలర్ కొక్కెం ఊడింది, గొలుసు తెగింది. తీగ పిన్నును లాగేసింది, బ్రేకులు పట్టాయి, ట్రెయిలర్ ఆ ఏటవాలులోనే ఆగింది. నర్సయ్య బండి ఆపి దిగి, చక్రం కింద రాయి పెడదామని దాని వెనక్కి వెళ్ళాడు. ఆగింది కదా అని నమ్మాడు. వాడు వంగి ఉండగా బ్యాటరీ అయిపోయింది. బ్రేకులు వదిలేశాయి, ట్రెయిలర్ వాడి మీదికి దొర్లింది. అయ్యో దేవుడా, చాయ్ తాగేంత సేపు కూడా నిలబడలేదు ఆ బ్యాటరీ.

మా మేనేజరు లచ్చన్నను లోపలికి పిలిచాడు. నేనూ ఉన్నాను. "బస్ ఇత్నా బోలో, వో బినా పూఛే లేగయా," అన్నాడు. అడగకుండా వాడే తీసుకుపోయాడని ఒక్క మాటంటే అందరూ బయటపడతారు. షెడ్డులో అందరం అదే చెప్పమన్నాం.

"సచ్చినోడు లేసొచ్చి కాదంటడా అని వాని మీదనే ఏస్తమా?" అన్నాడు లచ్చన్న. "నేనే పంపిన. గదే జెప్త."

అదే చెప్పాడు. విచారణ నడిచింది, ఉద్యోగం పోయింది, చేతిలో టికెట్టు పెట్టారు. దానికి నేను బాధపడ్డాను గానీ భయపడలేదు. భయపడింది ఆయన రాజవ్వ వదినకు ఫోను చేయబోయినప్పుడు. చెయ్యి పట్టుకుని బతిమాలాను. "అన్నా, వదినకు మాత్రం చెప్పకు. యాక్సిడెంట్ అని ఊరుకో. నీ సంసారం ఏమవుతుంది?"

ఆయన వినలేదు. "రాజూ, బల్బు వెట్టి సూడకుంటనే తోలిన నర్సిగాన్ని. తప్పు నాదే," అన్నాడు. అవతల ఏడుపు లేదు, తిట్టు లేదు. చాలాసేపు "హలో, హలో" అంటూనే ఉన్నాడు.

ఇంటికెళ్ళాక అప్పుడప్పుడు ఫోను చేసేవాడు. "అన్నం వెడ్తది, నీళ్లు వెడ్తది. మాట లేదు రా," అనేవాడు. ఆమె మీద నాకు కోపం వచ్చేది. మళ్ళీ ఆలోచిస్తే, ఆమె మాత్రం ఏం చేస్తుంది? బిడ్డలా పెంచుకున్న తమ్ముణ్ణి పెట్టెలో దించుకుంది.

ఒకరోజు ఫోను చేసి, "మీ వదిన ఇయ్యాల మాట్లాడింది రా," అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఏమందని అడిగాను.

"ఆ దినం పోరడు అన్నం తిని పోయిండా అని అడిగింది."

"నువ్వేమన్నావు?"

"తిన్లేదని జెప్పిన. కొంగు నోట్లె కుక్కుకొని లోపటికి వోయింది."

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. "తిన్నాడని అనొచ్చు కదన్నా! ఎవరికేం పోయింది? ఆమె మనసు కాస్త కుదుటపడేది."

"తిన్లేదు గదరా," అన్నాడు.

ఆ తర్వాత కొన్నాళ్ళకే గుండె ఆగి పోయాడు. వదిన మళ్ళీ మాట్లాడిందో లేదో నాకు తెలియదు, అడిగే ధైర్యమూ లేదు. ఆయన ఇంత పని నేర్పి పోయాడు, కానీ నన్ను వదలనిది 'తిన్లేదు గదరా' అన్న ఆ ఒక్క మాటే. నోటిదాకా వచ్చిన తేలికైన అబద్ధాన్ని అది అడ్డుకుంటుంది, దానివల్ల నాకు మేలు జరిగిందని మాత్రం అనలేను. నిన్న తణుకు నుంచి మా పాప ఫోను చేసి, "ఈసారి పుట్టినరోజుకు వస్తావుగా నాన్నా?" అంది. వస్తానంటే ఆ కాస్తసేపు సంతోషపడేది. సెలవు ఇవ్వలేదమ్మా, రాలేను అని చెప్పాను. పాప ఫోను పెట్టేసింది.