బకెట్ క్లాసు

ఈత కొలను దగ్గర పద్దెనిమిదేళ్ళుగా టికెట్లు చింపే మనిషికి నీళ్ళంటే భయమంటే ఎవరైనా నమ్ముతారా? నమ్మి తీరాలి మరి! అందరూ టికెట్ అక్క అని పిలిచే ఆవిడ ఒక్కనాడూ కొలను గట్టు మీద అడుగు పెట్టిన పాపాన పోలేదు. పదేళ్ళప్పుడు అన్నయ్య సరదాకి నీళ్ళ తొట్టిలోకి తోశాడు. ఆ రోజు పోయిన ధైర్యం మళ్ళీ రాలేదు. అన్నయ్య మాత్రం కనబడ్డప్పుడల్లా "ఏమే పిల్లీ, స్నానం చేశావా?" అని వేళాకోళం.

యాభయ్యో ఏట అక్క మోకాలు మొరాయించింది.

"రోజూ అరగంట నడుం లోతు నీళ్ళలో నడవండి. లేకపోతే కుర్చీకే అతుక్కుపోతారు," అన్నాడు డాక్టరు.

అక్కకి పై ప్రాణాలు పైనే పోయాయి. "మాత్రలివ్వండి బాబూ, గుప్పెడైనా మింగుతాను!"

"మాత్రల్లేవమ్మా."

ఏం చేస్తుంది పాపం? బల్ల కింద బకెట్ పెట్టుకుని, అందులో పాదాలు ముంచి టికెట్లు చింపడం మొదలుపెట్టింది. వారానికి బకెట్ పోయి టబ్బు వచ్చింది. తర్వాత పిల్లల కొలను. అక్కడ నాలుగేళ్ళ పిల్ల "నా చెయ్యి పట్టుకో ఆంటీ, ఏం కాదు" అంటే సిగ్గుపడకుండా పట్టుకుంది. నెలన్నరకి పెద్ద కొలనులో నడుం లోతున నిలబడి, "చూడండర్రా, బతికే ఉన్నాను!" అని ఒక్క అరుపు అరిచింది. ఈదుతున్నవాళ్ళంతా హడలిపోయారు.

మోకాలు బాగయ్యాక డాక్టరే తన దగ్గరికొచ్చే పిరికివాళ్ళను ఆవిడకు అప్పగించసాగాడు. ఇప్పుడు రోజూ పదింటికి గట్టు మీద తొమ్మిది బకెట్లు, తొమ్మిది జతల పాదాలు, అక్క మెడలో ఈల. నియమం ఒక్కటే: "ఎవరూ ఎవర్నీ తోయకూడదు. తోశారో, నా చేతిలో అయిపోయారన్నమాటే!"

ఒకనాడు వదిన అన్నయ్యను చక్రాల కుర్చీలో తోసుకొచ్చింది. విరిగిన తుంటి ఎముక అతుక్కుని నాలుగు నెలలైనా, పడిపోతానేమోనని మహానుభావుడు అడుగు వేయడం లేదు. బకెట్ చూసి ససేమిరా అన్నాడు. "ఏమోయ్ పిల్లీ" అన్న మాట అక్క నాలుక చివరిదాకా వచ్చింది. అన్నయ్య కుర్చీని రెండు చేతులా పట్టుకుని వదలకపోవడం చూసి మింగేసింది.

వదిన పోరుకి బకెట్ అయింది, టబ్బు అయింది. మూడు వారాలకు అన్నయ్య కమ్మీ పట్టుకుని కొలను మెట్టు మీద నిలబడ్డాడు. అంతే, బిగుసుకుపోయాడు.

"నా వెనకెవరు?"

"నేనే."

"నువ్వా! తల్లీ, పాత కక్షలుంటే గట్టు మీద తీర్చుకోవే!"

అక్క పడీ పడీ నవ్వింది. చుట్టూ తిరిగి తనే ముందు నీళ్ళలోకి దిగి, రెండు చేతులూ చాపింది.

"వెనకుంటే కదా తోసేది? ముందుకొచ్చేశాను. రా అన్నయ్యా."

కళ్ళు మూసుకుని దిగాడు. పడలేదు. కాసేపటికి నెమ్మదిగా అన్నాడు:

"ఆ రోజు నువ్వు తొట్టిలోంచి వెంటనే లేవలేదు. చచ్చిపోయావనుకున్నానే. ఆ భయం బయటపడకూడదనే ఇన్నాళ్ళూ వెక్కిరించాను."

"ఈ ముక్క చెప్పడానికి నలభై ఏళ్ళు పట్టిందా నీకు? నడు, ఇంకా ఇరవై నిమిషాలుంది!" అని అక్క ఈల ఊదింది.

ఇరవై నిమిషాలు అయిపోయినా అన్నయ్య చెయ్యి వదల్లేదు. ఆవిడా విడిపించుకోలేదు.