ఊడ్వని ఇల్లు

హైదరాబాద్ నుంచి ముంబై వెళ్లే విమానంలో నా పక్క సీటు ఆమెది. కొత్తకోట దగ్గరి పల్లె. బొంబాయిలో మేస్త్రీ పని చేసే భర్త పరంజా మీంచి పడ్డాడని, ఆపరేషన్ చేస్తున్నారని కబురు వస్తే బయల్దేరిందట. విమానం ఎక్కడం అదే మొదటిసారి.

“ఎంతసేపు పడ్తది సారూ?”

“గంటన్నరేనమ్మా.”

ఆమె నమ్మలేదు. “బస్సుల అయితే రాత్రంత పోయినా ఒడ్వకపోయేది. పిల్లకు ఇల్లు ఊడ్వద్దని చెప్పొచ్చిన. పోయిన మనిషి చేరేదాక ఊడ్వద్దు కద! మా ఆయన బొంబాయి పోయినప్పుడల్ల, చేరిన అని ఫోన్ చేసేదాక నేను చీపిరి ముట్టేదాన్నే కాదు.”

మా ఇంట్లోనూ ఒకప్పుడు ఈ పట్టింపు ఉండేది. నెలకు రెండుసార్లు ఎగిరే నాకోసం ఇప్పుడెవరూ చీపురు ఆపడం లేదు.

విమానం దిగి ఆగగానే ఆమె కూతురికి ఫోన్ చేసింది. స్పీకర్లో నాకూ వినిపించింది.

“చేరిన బిడ్డా. ఇగ ఇల్లు ఊడ్సుకో.”



“బాపును చూసినవా అమ్మా?”

“ఇంక యాడ? ఇప్పుడే దిగింది విమానం.”

“గట్లైతే నువ్వు చేరలే. దవాఖానకు పోయి బాపుతోని మాట్లాడిపియ్యి. గప్పుడు ఊడుస్త.”

ఆమె ఫోన్ కొంగులో చుట్టుకుని తలుపు వైపు చూసింది. ముందంతా జనం, బ్యాగులు. గంటన్నరే అన్న నేనే లేచి నిలబడి అందరినీ దారి అడిగాను.

“జర జరగండి, ఈమె ఇంకా చేరలేదు.”