మాటల్లేని చేనికి తేనె

కణేకల్ నుంచి ఉరవకొండ వస్తుంటే ఒక పెద్దావిడ చెయ్యెత్తి నా కారెక్కింది. కూతురి కాన్పుకని పోయి పది రోజులకు తిరిగొస్తోందట. దారి పొడుగునా ఒకటే దిగులు.

"తొట్టిలో నీళ్ళు ఎండిపోయింటాయి నాయనా. ఈ ఎండకు తేనెటీగలు ఇంకా యాడుంటాయి? పెట్టె ఇడిచి పోయింటాయి."

చేను దగ్గర దిగగానే తేనెపెట్టెకు చెవి ఆనించింది. "ఉండాయప్పా!" అంటూ అక్కడే కూలబడి నవ్వింది. నాకూ ప్రాణం కుదుటపడింది. పక్కనున్న తొట్టి నిండుగా ఉంది. ఈగలు మునిగిపోకుండా చెనక్కాయ పొట్టు కూడా వేసి ఉంది.

"ఎవరు పోశారమ్మా?"

పక్క చేలో పని చేసుకుంటున్న ఒకాయన వైపు గడ్డం ఎత్తింది. "ఆయప్పే. గట్టు తగాదా. మూడేండ్లుగా మాకు మాటల్లేవు."

కాస్త పొగ పెట్టి, పెట్టె మీద వరుసగా పేర్చిన చెక్క పట్టీల్లో చివరిదాన్ని ఎత్తింది. దానికి వేలాడుతున్న తేనెపట్టు కోసి, గిన్నెలో వేసి నా చేతికిచ్చింది. నాకే అనుకుని వేలు ముంచబోయాను.

"నీకు మళ్ళా కోస్తా. అది ఆయప్పకు. నేను పోను, నువ్వు ఇచ్చిరా."

గట్టు దాటి ఇచ్చాను. ఆయన గిన్నె అందుకుని, ఆమె వైపు చూడకుండానే, ఆమెకు వినబడేంత గట్టిగా నన్నడిగాడు. "ఈగలు బాగుండాయంటనా?"

నేను నోరు తెరవకముందే వెనక నుంచి కేక వినబడింది.

"బాగుండాయని చెప్పు నాయనా!"