మా చెల్లెలి చూపుడు వేలు

మా చెల్లెలు పదకొండేళ్ళుగా నూలు మిల్లులో దారం చుట్టే మిషన్ మీద పనిచేస్తోంది. అక్కడ కంటితో పెద్దగా పనిలేదు. పరుగెత్తే దారం మీద చూపుడు వేలు ఆనించి ఉంచాలి, అది తెగిన క్షణంలోనే కాలితో బ్రేకు తొక్కాలి. ఆలస్యమైతే తెగిన కొస లోపలికి దూరిపోయి చుట్టిన దారపు ఉండంతా పాడవుతుంది. తెగినప్పుడు వేలికి కొత్తగా తగిలేదేమీ ఉండదు, తగులుతున్నది పోతుంది, అంతే. ఆ పోవడాన్ని మిల్లులో అందరికంటే ముందు పట్టేది మా చెల్లెలే. ఆ పొగరు కూడా దానికి కొంచెం ఉండేది.

కిందటేడు ఆ వేలే మిషన్‌లో పడి నలిగింది. కుట్లు వేసి, ఆరు వారాలు కట్టు ఉండాలన్నారు. కట్టు విప్పిన నాలుగు రోజులకి పరీక్ష పెడతానని మేస్త్రీ చెప్పాడు. పదిసార్లు దారం తెంపితే ఎనిమిదిసార్లయినా సమయానికి ఆపాలట, లేకపోతే మిషన్ మీంచి తీసేసి ఊడ్చే పనికి మారుస్తాడట. ఆ మాట విన్న దగ్గర్నించి దానికి అన్నం సయించలేదు.

కట్టు మార్చే నర్సమ్మ ఒక ఉపాయం చెప్పింది. వేలు కదపకుండా, దారం దాని మీద నడుస్తున్నట్టూ ఉన్నట్టుండి తెగినట్టూ మనసులో అనుకుని కాలు తొక్కుతూ ఉండమంది. ఆటగాళ్ళు కూడా ఇలా సాధన చేస్తారట. ఇక మా ఇంట్లో రోజూ సాయంత్రం ఇదే తంతు. కళ్ళు మూసుకుని కుర్చీలో కూర్చుంటుంది, కాసేపటికి కాలు నేలకేసి ఠపీమని కొడుతుంది. ఏం దంచుతున్నారమ్మా అని కింద వాటా ఆవిడ రెండుసార్లు పైకొచ్చి అడిగింది. గాల్లో మేడలు కట్టేవాళ్ళని చూశాను గానీ గాల్లో దారం లాగేదాన్ని నిన్నే చూస్తున్నానని నేను వెక్కిరించాను. అది పట్టించుకుంటేగా! తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం.

మొదట్లో దానికి దారం కళ్ళముందు కనబడేదట, కాలు ఆలస్యంగా లేచేదట. రెండో వారానికి ఆ చూడడం మానేసి, దారం గరుకునీ వేడినీ వేలి కొసన తలుచుకోవడం నేర్చుకుంది. అప్పట్నించి కాలు దానంతటదే పడేది.

కట్టు విప్పిన రోజు నేనే దారపు రీలు తెచ్చి దాని వేలి మీద లాగాను. కళ్ళు మూసుకుంది. నేను కత్తెర వేయకముందే కాలు పడింది. తొందరెందుకే అని కసిరి మళ్ళీ లాగాను. ఎందుకో అనుమానమొచ్చి, ఈసారి చప్పుడు చేయకుండా దారం పూర్తిగా తీసేశాను. దాని మొహం మారలేదు.

"నడుస్తోందా?" అని అడిగాను.

"నడుస్తోంది" అంది హాయిగా.

ఉన్న మాట దాచుకోలేని నోరు నాది, దారం ఎప్పుడో తీసేశానని చెప్పేశాను. అది వేలిని గోరుతో గిచ్చి చూసుకుంది, పళ్ళతో కొరికి చూసుకుంది. ఏమీ తెలియలేదు. చిన్నపిల్లలా ఏడ్చింది. ఇన్నాళ్ళూ వెక్కిరించినందుకు నా చెంపలు నేనే వాయించుకోవాలనిపించింది.

మర్నాడు పొద్దున్నే మొహం కడుక్కుని వచ్చి, మధ్యవేలు చాపి, దారం లాగమంది. అయిదు వేళ్ళూ ఒకేలా ఉండవు కదా, మూడు రోజుల్లో దీనికేం నేర్పుతావన్నాను. పని తెలిసింది వేలికి కాదు, తనకి అంది. చూపుడు వేలి మీది స్పర్శని మనసులోనే పక్క వేలి మీదికి జరుపుకుంటూ, మధ్యమధ్య నా చేత నిజం దారం లాగించుకుంటూ కూర్చుంది. వంట కూడా పక్కన పెట్టి లాగాను.

పరీక్షలో మేస్త్రీ దాని వెనక నిలబడి దారం తెంపాడు. మొదటి రెండూ తప్పాయి. మిగిలిన ఎనిమిదిసార్లూ మిషన్ సమయానికి ఆగింది. ఏ వేలు పెట్టావని అతను అడగలేదు, మా చెల్లెలూ చెప్పలేదు.

ఇంటికొచ్చి నా పక్కన కూర్చుంది. ఎగిరి గంతేస్తుందనుకున్నాను. స్పర్శ చచ్చిన ఆ వేలిని రెండో చేత్తో పట్టుకుని చూస్తోంది.

"అక్కా, దీని మీద దారం ఇంకా నడుస్తూనే ఉంది. ఎంత తెంపుదామన్నా తెగట్లేదు" అంది.

"నడవనీలేవే" అన్నాను.