అమ్మ దోసిలి

అమ్మ రాయగడ వీధులు ఊడ్చేది. టీకొట్టులో ఆమెకు గ్లాసివ్వరు, ఎత్తునుంచి దోసిట్లో నీళ్లు పోస్తారు. కాలేజీలో చదివిన నేను ఆమె నా తల్లని ఎవరికీ చెప్పలేదు. నాకు పాప పుట్టాక, రేపు దాన్నీ దోసిలి పట్టమంటారేమోనని భయం పట్టుకుంది.

బాప్తిస్మం తీసుకున్నాక అమ్మ మొదటిసారి చర్చిలో ప్రభువు బల్లకు వచ్చింది. అందరూ ఒకే గిన్నెలో ద్రాక్షరసం తాగుతారు. నేను పాపతో దూరంగా కూర్చున్నాను.

పాస్టరుగారు గిన్నె అందించగానే అమ్మ అలవాటుగా దోసిలి పట్టింది. ఎవరో నవ్వారు. నాకు తల కొట్టేసినట్లయింది.

"దోసిలొద్దమ్మా. గిన్నె నువ్వే పట్టుకో," అన్నారాయన.

అమ్మ రెండు చేతులతో గిన్నె పట్టుకుని, తల ఎత్తి తాగింది. నేను పాపనెత్తుకుని లేచి వెళ్లి ఆమె పక్కన మోకరించాను.

"ఈవిడ మా అమ్మ," అని అందరికీ వినబడేలా చెప్పి, అదే గిన్నెలో తాగాను.

బయటికొచ్చాక అమ్మ పాపనెత్తుకుని పకపకా నవ్వింది.

"టీకొట్టోడు సూసుంటే ఆడి గుండాగిపోయేదే, అమ్మీ!"