వాత పడని పొట్ట

కోడలు వాము వేయిస్తుంటే నా చెయ్యి దానంతటదే పొట్ట మీదకు పోయింది.

స్వరాజ్యం రాకముందు మాట. గురజాల దగ్గర మా ఊళ్ళో, చేలో పచ్చిశనగలు గబగబా మింగి, కడుపుబ్బి పొర్లుతున్నాను. వాత పెడదామని పొరుగింటావిడ పసుపుకొమ్ము కాల్చుకొచ్చింది. గుర్తుందా, మనకు అప్పుడదే వైద్యం!

నాయనమ్మ అడ్డం నిలబడింది. "ఏమే, నమలకుండా మింగితే ఉబ్బదా? దానికి కాల్చేదేంది? పిల్ల మీద చెయ్యేశావో, ఆ కొమ్ముతో నీకే పెడతా వాత!"

వాము, ఉప్పు నమిలించి, వేన్నీళ్ళు తాగించి, గోరువెచ్చని ఆముదంతో పొట్ట నిమిరింది. పొద్దుగూకేసరికి గాలి కదిలింది. లేచి గంతులేశాను.

నా ఈడువాళ్ళంతా ఒకసారి పొట్ట చూసుకోండి, ఎన్ని మచ్చలున్నాయో. నాకు ఎనభై ఏళ్ళు దాటాయి, పొట్టంతా ముడతలే. వాత మాత్రం ఒక్కటీ లేదు.