పద్నాలుగో బుట్ట దగ్గర ఆర్మి

ఆర్మి వెహ్కలా ముప్పై ఒక్క ఏళ్ళు బడి వంటింట్లో పనిచేసింది. పదవీ విరమణ అయ్యాక ఆమెకు దొరికిన పని హౌకిలాంపి చెరువు పక్కన, మా డిస్క్ గోల్ఫ్ మైదానంలో. ప్లాస్టిక్ డిస్కును గొలుసుల బుట్టలోకి విసిరే ఆట అది; తక్కువ విసుర్లలో పూర్తిచేసినవాళ్ళదే గెలుపు. మొదట్లో కుక్కను తిప్పడానికి వచ్చేది. రెల్లులో చిక్కుకున్న డిస్కులు ఏరి, వాటి వెనక రాసి ఉన్న నంబర్లకు ఫోన్లు చేసేది. నీ ఎర్రది నా దగ్గరుంది, వచ్చి కాఫీ తాగి తీసుకెళ్ళు అని పిలిచేది. తర్వాత ప్రతి ఆగస్టులో జరిగే క్లబ్బు పోటీకి పద్నాలుగో బుట్ట దగ్గర కాపలా నిలబడడం మొదలుపెట్టింది.

పద్నాలుగోది గుడ్డి విసురు. బండ మీద నిలబడి స్ప్రూస్ చెట్ల మీదుగా విసరాలి. చెట్లకు అవతల ఏం జరిగిందీ విసిరినవాళ్ళకు కనిపించదు. అక్కడ సన్నటి గడ్డి నేల, దానికి ఎడమవైపు చెరువు, చివర గొలుసుల బుట్ట. డిస్కు నేల మీద పడితే ఆర్మి ఒకసారి ఈల వేస్తుంది, నీళ్ళలో పడితే రెండుసార్లు. అది ఏ చోట గట్టు దాటిందో కూడా ఆమే చూపించాలి. ఒక విసురు జరిమానా వేసుకుని అక్కడినుంచే మళ్ళీ ఆడతారు. తొమ్మిదేళ్ళలో ఆమె చూపించిన చోటును కాదన్నవాళ్ళు లేరు.

అక్కడ అందరూ ఒకే రకం డిస్కు తీస్తారు. మధ్యదూరాలకు వాడే డిస్కుల్లో మొండి రకం అది. ఎదురుగాలి ఎంత కొట్టినా కుడికి తిరగదు, ఊపు తగ్గగానే ఎడమకు వాలి దిగిపోతుంది. ఎడమచేత్తో విసిరితే ఇది తారుమారవుతుంది, కానీ మా క్లబ్బులో ఎడమచేతివాళ్ళు లేరు కాబట్టి ఆ లెక్క తప్పదు. అందుకే ఆర్మి కుడి అంచున, లావుపాటి పైన్ చెట్టు పక్కన నిలబడేది.

కానీ ఏళ్ళ తరబడి చెట్లకు కొట్టుకుంటే ఆ మొండితనం అరిగిపోతుంది. మా క్లబ్బు ఆటగాడు ఇల్పో డిస్కుకు ఏడేళ్ళు. అంచంతా గాట్లు. సాధనలో అది ఎడమకు వాలడం మానేసిందని అతనికి తెలుసు. చేతికి అలవాటైనదాన్ని వదలబుద్ధి కాలేదు. కిందటి ఆగస్టులో గాలి లేచినప్పుడు దాన్నే విసిరాడు. అది కుడికి తిరిగింది. ఆర్మి చెంప ఎముక రెండుచోట్ల చిట్లింది.

ఇల్పో ఆసుపత్రికి వారం వారం బ్లూబెర్రీ పళ్ళ కేకు పట్టుకొచ్చాడు. ఆర్మి నయమైందని అందరికీ చెప్పింది. ఎముక నయమైన మాట నిజమే. వంటింటి కిటికీ పక్కనుంచి పక్షి ఎగిరినా చేతిలో పళ్ళెం జారిపోయేదని మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఈసారి కూడా వస్తావా అని క్లబ్బువాళ్ళు అడిగితే, ఆలోచించేలోపే వస్తానంది.

పోటీ రోజు పొద్దున మొదటి ఆటగాడు బండ మీదనుంచి "వస్తోంది" అని అరిచాడు. విసిరేముందు అలా అరవడం మా ఆనవాయితీ. ఆ కేక వినగానే ఆర్మి కాళ్ళు ఆమెను పైన్ చెట్టు వెనక్కి తీసుకెళ్ళాయి. మొహం బెరడుకు ఆనించి కళ్ళు మూసుకుంది. నెత్తిమీద ఎక్కడో సన్నటి రివ్వుమన్న చప్పుడు. గడ్డిలో టప్పుమంది. బయటికొచ్చి ఒకసారి ఈల వేసింది. రెండోదానికీ అంతే. మధ్యాహ్నానికి అలా ఇరవై ఆరు విసుర్లు గడిచాయి. ఒక్కటీ ఆమె చూడలేదు. నీళ్ళ చప్పుడైతే రెండుసార్లు ఈల వేసి, గట్టున ఏదో ఒక చోటు చూపించింది. ఆటగాళ్ళు తలూపి అక్కడ నిలబడ్డారు. వాళ్ళు అలా నమ్మేసిన ప్రతిసారీ ఆమె చూపు పక్కకు తిప్పుకుంది.

మధ్యాహ్నం గెలుపు తేల్చే ఆఖరి విడతకు, పొద్దున ముందున్న ఇల్పో, తైనా మాత్రమే మిగిలారు. తైనా తపాలా బండి నడుపుతుంది, మాట కటువు. ఇద్దరూ సమానంగా ఉన్నారు, మిగిలినవి అయిదు బుట్టలు. తైనా డిస్కు గడ్డిలో టప్పుమంది. ఇల్పో కొత్త మొండి డిస్కు కొన్నాడని ఆర్మికి తెలుసు. అయినా అతని గొంతులో ఆ కేక వినగానే బెరడును గోళ్ళతో పట్టుకుంది. చెరువులో బుడుంగుమంది. రెండు ఈలలు వేసింది. రెండోది సరిగా పలకలేదు.

ఇద్దరూ కిందికి దిగొచ్చారు. ఇల్పో ఆమె ముందు ఎప్పుడూ తల కాస్త వంచుకునే నిలబడతాడు.

"ఎక్కడ దాటింది ఆర్మీ? నువ్వెక్కడంటే అక్కడే."

బుట్టకు దగ్గర్లో చూపిస్తే ఇల్పో గెలవచ్చు. దూరంగా చూపిస్తే తైనా. చెయ్యెత్తబోయింది, ఎటు చాపాలో తెలియలేదు.

"చూళ్ళేదు," అంది.

"చూళ్ళేదంటే?"

"చెట్టెనక మొహం పెట్టుకునున్నా."

తైనా సంచి కింద పెట్టింది. "ఇదొక్కటేనా, పొద్దుట్నించీ ఇంతేనా?"

"పొద్దుట్నించీ."

"పొద్దున నాది ఆ బర్చ్ చెట్టు మొద్దు దగ్గర దాటిందన్నావు."

"చప్పుడు విని చెప్పా. ఎక్కడ దాటిందో నాకు తెలీదు."

"బావుంది. ఏడాదంతా ఊరు ఊరంతా తిరిగి నాకేం కాలేదు, నాకేం కాలేదు అన్నావు. నేనూ నమ్మి చచ్చాను."

ఇల్పో గొడవపడలేదు. చోటు తేలదు కాబట్టి జరిమానాతో మళ్ళీ బండ మీదనుంచే విసురుతానన్నాడు. అలా విసిరితే దాదాపు ఓడినట్టేనని ముగ్గురికీ తెలుసు. అతను పైకి ఎక్కుతుంటే తైనా ఆర్మి పక్కనే ఉండిపోయింది.

"కళ్ళు మూసుకునేపనైతే ముందే చెప్పు. నేను చూస్తా."

ఆర్మి చెట్టు పక్కనుంచి రెండడుగులు ముందుకేసింది. పైనుంచి కేక వినిపించింది. స్ప్రూస్ కొనల మీద నల్లటి గీత ఒకటి లేచింది. అది నేరుగా ఆమె మీదికే వస్తున్నట్టుంది. ఇంకా తిరగలేదు. ఇంకా తిరగలేదు. చెంప దానంతటదే నొప్పెట్టింది. ఆమె పక్కకు ఒరిగితే తైనా జబ్బ పట్టుకుంది. అప్పుడు డిస్కు ఒక అంచు దించి, ఎడమకు వాలి, గడ్డిలో పడింది. ఆర్మి ఈల నోట్లో పెట్టుకుంటే గాలి తప్ప ఏమీ రాలేదు. నేల మీదే పడిందని తైనాయే అరిచి చెప్పింది.

ఇల్పో ఒక్క విసురు తేడాతో ఓడిపోయాడు. పొద్దుటి స్కోరు పత్రాల మీద సంతకాలు అయిపోయాయి కాబట్టి ఆ లెక్కలు మారలేదు. ఆర్మి మాత్రం క్లబ్బు గదిలో అందరిముందూ నిలబడి, పొద్దుటి ఇరవై ఆరు విసుర్ల సంగతీ చెప్పింది. చాలామంది కాఫీ కప్పుల్లోకి చూస్తూ కూచున్నారు. వచ్చే ఏడు వేరే మనిషిని చూసుకోమంది.

మెట్ల దగ్గర ఇల్పో ఆపాడు. నా వల్లే కదా అన్నాడు.

"నీ డిస్కు ఎముక విరిచింది, అదెప్పుడో అతుక్కుంది," అంది ఆర్మి. "ఆ చెట్టెనక ఎంత హాయిగా ఉందో నీకు తెలీదు ఇల్పో. మళ్ళీ నిలబడితే మళ్ళీ అక్కడికే పోతాను. అబద్ధం కూడా ఈసారికన్నా బాగా చెప్తాను."